గొర్రెల దోవ పక్కన రెండు పైపులు

"నీకు జీతం ఎందుకియ్యాల మామా?"

అడిగింది శిల్పశ్రీ. ఇరవై ఏడేళ్ళ పిల్ల, సొంత ఊరు క్యాతగానచెర్లు. తుమకూరులో ఇంజనీరింగ్ చదివి, సోలార్ పార్కులో కెమెరాలు పెట్టిన ఒక కంపెనీకి పావగడ ఆఫీసులో నెట్‌వర్క్ చూసుకుంటోంది. అడిగించుకున్నది రాయచెర్లు ఎర్రిస్వామి. యాభై నాలుగేళ్ళు. కెమెరాల నుంచి పావగడ ఆఫీసుకు వీడియో మోసుకొచ్చే కేబుళ్ళను భూమిలో పూడ్చిన దారి వెంట రోజూ పదకొండు కిలోమీటర్లు నడవడం ఆయన పని. ఎవరైనా తవ్వుతుంటే ఆపాలి. గుర్తు రాయి పడిపోతే నిలబెట్టాలి. సాయంత్రం ఫోన్ చేసి "అంతా బాగుండాది" అనాలి.

ఆమె అవమానించాలని అడగలేదు. బెంగళూరు పెద్దాఫీసు నుంచి ఒక పట్టిక వచ్చింది, ప్రతి మనిషి పేరు పక్కనా ఆ మనిషి ఎందుకు అవసరమో ఒక్క వాక్యం రాయమని. డ్రైవర్‌కు వాక్యం దొరికింది. టీ ఇచ్చే ఆమెకు కూడా దొరికింది. ఎర్రిస్వామి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"నడిచేదానికి ఇస్తాండారు," అన్నాడాయన.

"అది నాకూ తెలుసు. నడిస్తే ఏమొస్తాది?"

"ఆకలొస్తాది."

శిల్పశ్రీ నవ్వింది. కానీ గడిలో ఏమీ రాయలేదు.

ఎర్రిస్వామి కాలు నిలవని మనిషి. పుట్టుక గొర్రెల ఇంట్లో. ఒకప్పుడు మందలో నూట నలభై తలకాయలు ఉండేవి. పార్కు కంచెలు లేచే కొద్దీ మేత తగ్గింది, మందా తగ్గింది. నలభైకి వచ్చి, ఆ నలభైనీ ఐదేళ్ళ కిందట హిరియూరు వ్యాపారికి అమ్మేశాడు. ఆ రోజు ఆయన కుమిలిపోయాడని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. కుమిలిపోలేదు. మంచి ధర వచ్చిందని హోటల్లో రెండు ప్లేట్లు ఇడ్లీ తిని ఇంటికొచ్చాడు. ఏడెకరాలు ప్యానెళ్ళ కింద ఉన్నాయి, ఏడాదికోసారి కౌలు డబ్బు బ్యాంకులో పడుతుంది, ఐదేళ్ళకు మూడేళ్ళు ఎండిపోయే వేరుశనగ కంటే అది నయమని ఆయన అభిప్రాయం. మట్టితో బంధం, తల్లి భూమి లాంటి మాటలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాడు. ఎలాగూ కూర్చునే మనిషి కాదు కాబట్టి వాళ్ళకు పెద్ద తేడా తెలియదు.

ఆయనకు కష్టమైంది కూర్చోవడం. మంద అమ్మిన తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నాడు. భార్య ఓబమ్మ పార్కులో ప్యానెళ్ళ కింద గడ్డి కోసే ఆడవాళ్ళ గుంపులో కూలికి పోతుంది. సాయంత్రం వచ్చేసరికి ఇంట్లో సామాన్లన్నీ చోటు మారి ఉండేవి. బియ్యం డబ్బా మంచం కిందికి పోయేది, మంచం పెరట్లోకి పోయేది. "ఏమప్పో, నువ్వు యాడికన్నా పో. లేకపోతే నేను పోతా," అని ఓబమ్మే ఒకరోజు పావగడ వెళ్ళి, కేబుల్ పూడ్చే పనుల కాంట్రాక్టర్ రంగనాథను పట్టుకుని, ఈ నడిచే ఉద్యోగం ఇప్పించింది. కంపెనీ రంగనాథకు ఇస్తుంది, రంగనాథ ఎర్రిస్వామికి ఇస్తాడు.

ఇప్పుడు ఆ ఉద్యోగానికి గండం వచ్చింది, శిల్పశ్రీ పెట్టిన కొత్త సాఫ్ట్‌వేర్ వల్ల. ఆ సంగతి ఆమే తెర ముందు నిలబెట్టి చెప్పింది.

"ముందు ఎట్లుండేదంటే మామా, కేబుళ్ళు కలిసే ప్రతి చోటా ఒక పెట్టె. వచ్చిన వీడియోని ఎట్ల పంపల్లో ఆ పెట్టే చూసుకునేది. తెగితే అది తెలుసుకోని, పక్క పెట్టెను అడిగి, వేరే దోవ ఎతుక్కునేసరికి మా తెర నల్లగయ్యేది. ఒక్కోసారి రెండు నిమిషాలు, ఒక్కోసారి పది. ఇప్పుడు పెట్టెలకు బుద్ధి తీసేసినాం."

"తీసేసి యాడ పెట్టినారు?"

"ఈడ. ఈ ఒక్క కంప్యూటర్‌లో. పార్కులో ఉండే దోవలన్నీ దీనికి తెలుసు. ఇది చెప్తాది, పెట్టెలు చేస్తాయి. వీడియోని ముక్కలు చేసి కొన్ని ఉత్తరం కేబుల్లో, కొన్ని దక్షిణం కేబుల్లో పంపిస్తాది. ఒక దోవ సతాయిస్తే ముక్కలన్నీ రెండో దోవకు తిప్పుతాది. చూసేవాళ్ళకు తెలియను కూడా తెలీదు."

"మందను రెండు పాయలు చేసినట్ల."

"ఏంది?"

"కోతల కాలంలో పరాయి చేన్ల పక్కన మందను తోలుకోని పోవల్లంటే, రెండు పాయలు చేసి రెండు దోవల్లో తోలుతాం. ఒక పాయను రెడ్డి పట్టి బంధిస్తే రెండోదన్నా ఇల్లు చేరతాది."

"అదే మామా! నువ్వు నా కంటే బాగా చెప్పినావు. అందుకే, ఒక కేబుల్ తెగినా భయం లేదు. తెగినాక కూడా నింపాదిగా అతికించుకోవచ్చు. రోజూ దాని ఎంబడి మనిషి తిరగాల్సిన పని..."

ఎర్రిస్వామి తెర వైపు చూస్తున్నాడు. ఆకుపచ్చ గీత ఉత్తరం కేబుల్, నీలం గీత దక్షిణం కేబుల్. పార్కు నుంచి పావగడ దాకా రెండూ ఎక్కడా తగలకుండా వచ్చాయి. వానాకాలం పారే క్యాతగానచెర్లు వంక దగ్గర కూడా వాటి మధ్య వేలెడు ఎడం ఉంది. ఆ వేలెడు మీదే ఆయన చూపు నిలిచిపోయింది. రెండు పాయలనూ ఒకే ఇరుకు కనమలో దూరిస్తే ఏమవుతుందమ్మా, అన్న ప్రశ్న గొంతు దాకా వచ్చింది.

"ఏం మామా, అట్ల చూస్తాండావు?"

"ఏంల్యా. రంగులు బాగుండాయి."

అక్కడ ఎడం లేదు. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఆయనకూ రంగనాథకూ.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి ఎర్రిస్వామికి నలభై గొర్రెలు ఉన్నాయి. రెండు కంచెల మధ్య మందలు వంకకు నీళ్ళకు పోవడానికి పన్నెండు అడుగుల సందు వదిలారు. దానికే గొర్రెల దోవ అని పేరు. దక్షిణం కేబుల్‌కు వంక గట్టు మీద కాలువ తవ్వి, పైపు పరిచి ఉంచారు, ఇంకా మట్టి కప్పలేదు. ఉత్తరం కేబుల్ గొర్రెల దోవ వెంట పోవాలి. అప్పుడే వానలు మొదలయ్యాయి. పూడ్చిన కాలువ వానకు మెత్తబడితే గొర్రె కాలు మోకాలి దాకా దిగిపోతుంది. అంతకు ముందు ఏడాది ఇంకో చోట అలాగే ఏడు గొర్రెల కాళ్ళు విరిగాయి, అన్నీ చూలువి. అందుకని ఎర్రిస్వామి, మరో ఐదుగురు గొర్రెలవాళ్ళు పారలకు అడ్డం నిలబడ్డారు. రంగనాథకు ఆ వారంలో పని ముగించకపోతే బిల్లు రాదు. అరిచాడు, బతిమిలాడాడు, తాలూకా ఆఫీసు పేరు చెప్పి బెదిరించాడు. చివరికి ఉపాయం చెప్పింది ఎర్రిస్వామే.

"గట్టుమింద కాలువ తెరిచే ఉండాది కదప్పా. ఈ పైపు కూడా దాంట్లోనే పారేయి. ఒంటిగా పండుకుంటే దానికి మాత్రం చలి కాదా?"

రంగనాథ పడీ పడీ నవ్వాడు. మూడు వందల నలభై మీటర్లు రెండు పైపులనూ ఒకే కాలువలో పడుకోబెట్టాడు. రెండు కాలువలకు బిల్లు పెట్టాడు. కంపెనీవాళ్ళు బిల్లు చూసి పటం గీశారు. పటం చూసి శిల్పశ్రీ కంప్యూటర్ దోవలు నేర్చుకుంది. ఇంత తెలివైన యంత్రానికి భూమి మీదికి దిగి చూసే కాళ్ళు మాత్రం లేవు.

డబ్బు తిన్నది రంగనాథ. ఉపాయం మాత్రం ఎర్రిస్వామిది. అదే ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. వంక గట్టు గట్టిది కాదు. వానాకాలం నీళ్ళు కోస్తాయి, ఎండాకాలం ఇసుక ట్రాక్టర్లు ఎక్కి తొక్కుతాయి. నాలుగేళ్ళుగా ఆయన మిగతా పది కిలోమీటర్లూ గబగబా నడిచి, ఆ మూడు వందల నలభై మీటర్ల దగ్గర గంటలు గంటలు గడిపేవాడు. రాళ్ళు మోసుకొచ్చి కోత పడ్డ చోట పేర్చేవాడు. ట్రాక్టర్లవాళ్ళతో తగువు పడేవాడు. కింద కరెంటు తీగ ఉందని ఒకసారి అబద్ధం చెప్పి తోలేశాడు. తనకు జీతం ఎందుకివ్వాలో ఆయన దగ్గర సరైన వాక్యం ఉంది. దాన్ని పైకి అంటే ఆరేళ్ళ కిందటి కాలువ బయటపడుతుంది.

ఆ సాయంత్రమే రంగనాథ ఫోన్ చేశాడు. పట్టిక సంగతి ఆయనకూ తెలిసింది.

"ఎర్రిస్వామప్పా, దిగులు పడొద్దు. ఈడ తీసేస్తే తీసేయనీ. మడకశిర పక్కన నాకు కొత్త సైట్ వచ్చినాది. నిన్ను ఆడ పెడతా. పద్దెనిమిది కిలోమీటర్లు."

"పద్దెనిమిదా?"

"రోజుకు. జీతం కూడా రెండు వేలు ఎక్కువ. ఒకటే మాట, ఆ గట్టు సంగతి నీ నోట్లో రాకూడదు. వచ్చిందంటే నాకు బిల్లు పోతాది, నీకు దోవ పోతాది."

పద్దెనిమిది కిలోమీటర్లు అనగానే కాళ్ళు జివ్వుమన్నాయి. ఇంకొకరికి బంగారం ఆశ చూపినట్టు ఈయనకు దూరం ఆశ చూపించాడు రంగనాథ. మనిషిని చదివినవాడు.

ఇంటికొచ్చి ఓబమ్మకు మడకశిర సంగతి చెప్పాడు. ఆమె రాగి ముద్ద కెలుకుతూ వింది.

"వాడు అంత ప్రేమగా ఎందుకు పిలుస్తాండాడు నిన్ను?"

దాచడం చేతకాక గట్టు సంగతి కూడా చెప్పాడు. ఓబమ్మ గరిటె ఆపింది.

"ఆ కెమెరాలు, పోయిన ఎండాకాలం మేము గడ్డి కోస్తాంటే పొగ చూసినాయి చూడు, అవేనా?"

"అవే."

"మాకు ఆ మూల కనపడనే లేదు. పావగడలో తెర మింద చూసినవాళ్ళు సైరన్ కొడితే పరిగెత్తినాం. బోరమ్మ చెప్పు వదిలేసి పరిగెత్తినాది. మళ్ళా పోయి చూస్తే చెప్పు లేదు, బూడిద ఉండాది." కాసేపు కెలికింది. "అంటే ఆ రెండు పైపులూ ఒకేసారి తెగి తెర నల్లగైతే, ఆ పూట గడ్డి అంటుకుంటే, మేము బొగ్గులమేనా?"

"అట్లెందుకు అవుతాది? నేను సూసుకుంటాండా కదా."

"రేపు మడకశిరలో నిలబడి సూసుకుంటావా?"

ఆయన ముద్ద తినకుండానే బయటికి వెళ్ళి, ఊరి చుట్టూ రెండు సార్లు తిరిగొచ్చాడు. ఓబమ్మ ఆయన పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి, తాను తిని పడుకుంది.

తర్వాతి సోమవారం పావగడ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పరీక్ష. బెంగళూరు నుంచి ముగ్గురు వచ్చారు. రంగనాథ తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఎర్రిస్వామిని నీళ్ళ బాటిళ్ళు అందివ్వమని పిలిచారు. గోడ మీద పెద్ద తెర. అందులో ఒక కెమెరా చూపుతున్న దృశ్యం అప్పటికప్పుడు కనిపిస్తోంది: ప్యానెళ్ళ వరసల మధ్య గడ్డి కోస్తున్న ఆడవాళ్ళు. మూడో మనిషి ఓబమ్మ. తలకు తువ్వాలు చుట్టుకుని, కొడవలి ఆడిస్తూ, పక్కామెతో ఎవరినో తిడుతోంది. మాట వినపడదు గానీ ఆ చెయ్యి తిప్పడం ఎర్రిస్వామికి ముప్పై ఏళ్ళుగా తెలుసు.

శిల్పశ్రీ అందరినీ తెర వైపు చూడమని చెప్పి, మూలనున్న పెట్టె నుంచి ఉత్తరం కేబుల్‌ను పెరికేసింది. ఆకుపచ్చ గీత ఆరిపోయింది. తెర మీద కొడవలి ఆగలేదు. ఓబమ్మ రెప్పపాటు కూడా తడబడకుండా అదే మనిషిని తిడుతూనే ఉంది. బెంగళూరువాళ్ళు చప్పట్లు కొట్టారు. రంగనాథ అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఎర్రిస్వామి చేతిలో ఇంకా రెండు బాటిళ్ళు ఉన్నాయి. వాటిని బల్ల మీద పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"అమ్మా, తీగ ఈడ పెరికితే ఏం తెలుస్తాది? వంక గట్టు కాడ పెరికి చూడు."

గదిలో తెలుగు తెలిసినవాళ్ళు ముగ్గురే. రంగనాథ ముఖం చొక్కా రంగుకు వచ్చింది. "ఏయ్ ఎర్రిస్వామీ, ఎండకు తల తిరిగినాదా నీకు?"

బెంగళూరు పెద్దమనిషి, ఏమంటున్నాడు ఈయన, అని శిల్పశ్రీని కన్నడలో అడిగాడు. ఆమె ఎర్రిస్వామిని చూసింది, రంగనాథను చూసింది, ఆరిపోయిన ఆకుపచ్చ గీతను చూసింది.

"భోజనానికి టైమయిందంటున్నాడు సార్," అంది కన్నడలోనే.

వాళ్ళు భోజనానికి పోయారు. ఆమె పోలేదు. స్కూటర్ తీసి, "ఎక్కు మామా" అంది. నేరుగా వంక గట్టుకు తోలింది.

గట్టు మీద ఎండ మాడుస్తోంది. ఎర్రిస్వామి తాను పేర్చిన రాళ్ళు నాలుగు పక్కకు తీసి, పారతో మెల్లగా మట్టి లాగాడు. మోకాలి లోతు కూడా పోలేదు. నారింజ రంగు పైపు కనపడింది. దానికి ఒరుసుకుని నీలం పైపు.

శిల్పశ్రీ వంగి, రెండిటి మధ్య వేలు పెట్టడానికి చూసింది. వేలు పట్టలేదు.

"ఎంత దూరం ఇట్ల?"

"మూడు వందల నలభై మీటర్లు. ఆ తుమ్మచెట్టు కాడ కలుస్తాయి, ఈ గుర్తు రాయి కాడ విడిపోతాయి."

"అంత లెక్కగా నీకెట్ల తెలుసు?"

"ఇట్ల పూడ్చమని చెప్పింది నేనే కదమ్మా." గొర్రెలు, వాన, చూలు, విరిగిన కాళ్ళు, అంతా చెప్పాడు. తన భాగం తగ్గించి చెప్పలేదు.

ఆమెకు కోపం వచ్చింది. "ఆరేండ్లు నోరు మూసుకోని ఉంటివా మామా? ఆ కంప్యూటర్ రెండు దోవలు ఉండాయని నమ్మి ముక్కలు పంచుతాండాది. ఒక ట్రాక్టర్ ఎక్కితే రెండూ పోతాయి. నేను వాళ్ళ ముందర చప్పట్లు కొట్టించుకుంటి!"

"నాలుగేండ్లుగా ఏ ట్రాక్టరూ ఎక్కలేదు."

"ఎందుకు ఎక్కలేదు?"

ఆయన పక్కనున్న రాళ్ళ కట్ట వైపు చెయ్యి చూపించాడు. ఆమె దాని పొడవునా చూపు సాగదీసింది. అది తుమ్మచెట్టు దాకా ఉంది. ఆ పట్టికలో ఖాళీగా వదిలిన గడి గుర్తొచ్చి ఉంటుంది, మళ్ళీ కోప్పడలేదు. ఫోన్ తీసి పైపుల ఫోటోలు కొట్టింది. రాళ్ళవి కూడా కొట్టింది.

దాచిపెట్టడం ఆమెకు సులువే. పరీక్ష గెలిచింది, చప్పట్లు పడ్డాయి. అయినా ఆ సాయంత్రం ఆమె పటంలో రెండు గీతలనూ వంక దగ్గర కలిపేసింది. అక్కడ రెండు దోవలు లేవని కంప్యూటర్‌కు చెప్పింది, అది ఆ ముక్కను ఎర్రగా చూపించింది. అదే బొమ్మ, ఫోటోలతో సహా, బెంగళూరుకు పంపింది. మెచ్చుకుంటూ జవాబు రాలేదు. పరీక్షకు ముందే ఇది ఎందుకు చూసుకోలేదో రాతపూర్వకంగా చెప్పమని మెయిల్ వచ్చింది.

రంగనాథకు వేరే కాగితం వచ్చింది. రెండో కాలువ డబ్బు ఆరేళ్ళ కిందటే తీసుకున్నావు కాబట్టి ఇప్పుడు సొంత ఖర్చుతో తవ్వు, లేకపోతే ఉన్న పనులన్నీ రద్దు. రంగనాథ రాయచెర్లు వచ్చి బైక్ దిగకుండానే మాట్లాడాడు.

"మడకశిర మరిచిపో. ఈ కాలువ నువ్వే తవ్వల్ల. మీటరుకు నూట పది."

"తవ్వుతా," అన్నాడు ఎర్రిస్వామి. ఓబమ్మ లోపలి నుంచి, "డబ్బు ముందర అడుగప్పో!" అని కేకేసింది. అడిగాడు. రంగనాథ పదిహేను వేలు ఇచ్చాడు.

ఇద్దరు కూలీలను పెట్టుకుని పంతొమ్మిది రోజులు తవ్వాడు. గొర్రెల దోవ మధ్యలోనే తవ్వాడు, ఆరేళ్ళ కిందట పారలకు అడ్డం నిలబడ్డ చోటే. ఇప్పుడు ఆ దోవన నడిచే గొర్రె లేదు. నేల గట్టిది, మీటరు లోతుకు పోవాలంటే గడ్డపార నిప్పులు రాల్చింది. ఉత్తరం పైపు కొత్త కాలువలోకి మారిన రోజు శిల్పశ్రీ వచ్చి టేపు పెట్టి తానే కొలిచింది. మూడు వందల నలభై. ఈసారి పటం భూమిని చూసి గీసింది. తెర మీద ఎర్ర ముక్క పోయి, ఆకుపచ్చ గీత తన దోవన తాను పోయింది.

పట్టికలో ఎర్రిస్వామి పేరు పక్కన ఆమె వాక్యం రాసింది. పటంలో లేనివి చెప్పగల మనిషి కాబట్టి ఉంచాలి అని. పెద్దాఫీసు జవాబు రెండు లైన్లు. ఇప్పుడు నిజంగానే రెండు దారులున్నాయి కదా, నడిచే మనిషి అవసరం లేదు. లెక్క ప్రకారం వాళ్ళది తప్పు అనడానికి లేదు. నెలాఖరుకు ఉద్యోగం పోయింది.

ఎర్రిస్వామి నడక మానలేదు. పొద్దున్నే కేబుల్ వెంట పోతాడు, గట్టు మీద ట్రాక్టర్ కనబడితే ఉద్యోగం ఉన్నట్టే అరుస్తాడు. ఓబమ్మ కోసే గడ్డి వరసల పక్క నుంచి పోయేటప్పుడు ఆమె కొడవలి ఎత్తి, "ఇంట్లో సామాన్లు సర్దకుండా ఉండావు, అదే పదివేలు!" అంటుంది.

సోమవారాలు మాత్రం పావగడ పోతాడు. బస్టాండు దగ్గర రంగనాథ ఆఫీసుగా పెట్టుకున్న అంగట్లో నిలబడతాడు. కుర్చీ చూపించినా కూర్చోడు.

"నీ గొర్రెల కోసమే కదప్పా అప్పుడు అట్ల పూడ్చింది," అంటాడు రంగనాథ. "సగం నువ్వు భరించల్ల."

"బిల్లు సగం నాకిచ్చింటివా?"

"వచ్చే వారం చూద్దాంలే."

తవ్వినది మూడు వందల నలభై మీటర్లు, కూలి ముప్పై ఏడు వేల నాలుగు వందలు. అందులో పదిహేను వేలు వచ్చాయి. ఇరవై రెండు వేల నాలుగు వందలు ఇంకా రావాలి.